కుదుపు నాది, బిల్లు అతనిది

పిన్‌బాల్ పోటీలో నా మూడో బంతి పోయింది. వాలుగా ఉన్న పెట్టెలో దొర్లే ఉక్కు బంతిని, ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో పైకి కొడుతూ కిందకి జారిపోకుండా కాపాడుకునే ఆట ఇది. ఒకే మిషన్ మీద ఒక్కో బంతి చొప్పున వంతులు వేసుకుని ఆడతాం. కుడివైపు అవుట్‌లేన్, అంటే బంతి బయటికి జారిపోయే పక్క సందు, మొదట్లో ఉన్న పోస్టు రబ్బరు మీద రెండుసార్లు టక్ టక్ మని గెంతి, లోపలికి వస్తానన్నట్టు ఊరించి, చివరికి బయటికే జారింది. జారుతుండగా నేను తట్టాను. కొంచెం గట్టిగానే తట్టాను. లైట్లు ఆరిపోయాయి, ఫ్లిప్పర్లు చచ్చుబడ్డాయి, ఎదురుగా బ్యాక్‌గ్లాసులో ‘టిల్ట్’ అన్న అక్షరాలు వెలిగాయి. మితిమీరి కుదిపినందుకు మిషన్ వేసే శిక్ష అది. కూడబెట్టుకున్న బోనస్ మొత్తం హుష్‌కాకి. అక్కడితో ఊరుకుంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ మిషన్‌ని రెండు చేతులతో ఇంకోసారి నెట్టి, పక్కకి తప్పుకున్నాను.

నా తర్వాత ఆడాల్సినతను అప్పటికే వచ్చి నిలబడ్డాడు. కొత్త బంతి ప్లంజర్ ముందుకి, అంటే బంతిని పైకి విసిరే స్ప్రింగు కడ్డీ ముందుకి వచ్చింది. అతను లాగి వదిలాడు. బంతి పైకెళ్లి, వంపు తిరిగి, మొదటి బంపర్‌ని తాకేలోపే లైట్లు మళ్లీ ఆరిపోయాయి. అతను రెండో చెయ్యి మిషన్ మీద ఇంకా ఆనించను కూడా లేదు. అది 1970ల చివరి నాటి మిషన్. వార్నింగులూ గీర్నింగులూ లేవు, కుదుపుని పసిగట్టే లోపలి లోలకం ఒక్కసారి తగిలితే బంతి పోయినట్టే. నేను తోసిన తోపుకి ఇంకా ఊగుతున్న ఆ లోలకం అతని బంతి మీద తగిలింది.

నిర్వాహకుణ్ణి పిలిచాం. ఆయన వచ్చి, సంగతి విని, “మిషన్ ఏం చెబితే అదే ఫైనలండీ. మధ్యలో మనం దూరకూడదు” అన్నారు. అతను వాదించలేదు. నావైపు ఒక్క చూపు చూసి, నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ పక్కకెళ్లిపోయాడు. ఆ గేమ్ కొద్ది తేడాతో నేనే గెలిచాను, తర్వాతి రౌండుకి నేనే వెళ్లాను. ఆ గెలుపుని ఎవరికీ గట్టిగా చెప్పుకోలేకపోయాను.

అప్పట్నుంచీ ఒకే ప్రశ్న నన్ను తినేస్తోంది. పోటీల్లో మిషన్ని కుదపడం మీద న్యాయమైన రూల్ అంటే ఏమిటి? ఎంత గట్టిగా కుదపొచ్చు అన్నది అసలు ప్రశ్నే కాదని ఇప్పుడు నాకు నమ్మకం కుదిరింది. కుదిపిన బిల్లు ఎవరు కడుతున్నారు అన్నదే ప్రశ్న. నా కుదుపు ఖర్చు నా ఖాతాలోనే పడితే ఎంతైనా కుదపనివ్వండి. అందులో ఒక్క పైసా పక్కవాడి ఖాతాలో పడినా ఆపండి. మిగతా రూల్స్ అన్నీ ఇందులోంచే వస్తాయని నా వాదన.

ముందు ఒక అపోహ తీర్చాలి. పిన్‌బాల్ దూరం నుంచి మాత్రమే చూసినవాళ్లు నన్ను ఎప్పుడూ అడిగేది, “మిషన్‌ని కదిపితే మోసం కాదా?” అని. కాదు. పైగా వయసులో ఫ్లిప్పర్ కంటే కుదుపే పెద్దది. 1930ల మిషన్లకి ఫ్లిప్పర్లు లేవు. ప్లంజర్ లాగి వదిలాక బంతి మేకుల మధ్య పడుతూ లేస్తూ ఏ గుంటలో దిగుతుందో చూస్తూ నిలబడటమే ఆట. ఆటగాడికి మిగిలిన ఏకైక ఆయుధం మిషన్‌ని అటో ఇటో తట్టడం. 1947లో గాట్లీబ్ కంపెనీ ‘హంప్టీ డంప్టీ’ అనే మిషన్‌కి ఆరు ఫ్లిప్పర్లు పెట్టి తీసుకొచ్చేదాకా పరిస్థితి అదే.

అయితే మితిమీరినవాళ్లు అప్పుడూ ఉన్నారు. మిషన్ల రూపకర్త హారీ విలియమ్స్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. జనం తన మిషన్‌ని కింద నుంచి అరచేత్తో బాది బంతిని కావలసిన చోటికి పంపిస్తుంటే చూసి ఒళ్లు మండి, అడుగున మేకులు దిగ్గొట్టించాడట. చేతులు చీరుకుపోతాయని తర్వాత మనసు మార్చుకుని, చిన్న పీఠం మీద ఒక బంతిని నిలబెట్టాడు. మిషన్ ఎక్కువ కదిలితే ఆ బంతి దొర్లి కిందపడుతుంది, ఆట అయిపోతుంది. దాని తర్వాత వచ్చిందే లోలకం. మేకుల నుంచి లోలకం దాకా వచ్చిన ఈ దారిలో నాకు నచ్చేది ఒకటుంది. ఆయన చివరికి కుదుపుని నిషేధించలేదు, దానికి ఒక హద్దు గీశాడు. హద్దు దాటితే పోయేది దాటినవాడి ఆటే. మేకులేమో తెలిసి కొట్టినవాడికీ, తెలియక కింద చెయ్యి పెట్టినవాడికీ ఒకేలా గుచ్చుకుంటాయి.

ఈ ఆట అదృష్టమా, నేర్పా అన్న తగువు కూడా చిన్నది కాదు. న్యూయార్క్‌లో మేయర్ లా గార్డియా కాలంలో, 1942లో, పిన్‌బాల్‌ని జూదం కింద జమకట్టి నిషేధించారు. మిషన్లని సుత్తులతో పగలగొట్టించారు. ఆ నిషేధం 1976లో గానీ పోలేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు నగర కౌన్సిల్ వాళ్ల ముందు మిషన్ ఆడి, ప్లంజర్ లాగబోయే ముందే బంతి ఏ దారిలో దిగుతుందో చెప్పి, చెప్పినట్టే దింపి చూపించారు. ఆయన ఆ రోజు చూపించింది ప్లంజర్ నేర్పు. కుదుపు నేర్పుని అంత తేలిగ్గా చూపించడం కుదరదు, ఎందుకంటే బాగా చేసిన కుదుపు చూసేవాళ్లకి కనపడదు.

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. చాలామంది అనుకునేది ఏమిటంటే, మిషన్‌ని ఎడమకి తోస్తే బంతి కూడా ఎడమకి వెళుతుందని. వెళ్లదు. బంతి 80 గ్రాముల ఉక్కు గుండు, నున్నటి పలక మీద దొర్లుతూ ఉంటుంది. మిషన్‌ని తోస్తే దాని కింద పలక జరుగుతుంది గానీ బంతి దాదాపు ఉన్నచోటే ఉంటుంది. పళ్లెం మీద గోళీ పెట్టి పళ్లేన్ని చటుక్కున లాగి చూడండి, తెలుస్తుంది. అంటే కుదిపేవాడు బంతిని జరపడం లేదు. బంతి చుట్టూ ఉన్న ప్రపంచాన్ని జరుపుతున్నాడు. పోస్టుని, ఫ్లిప్పర్ కొసని, లేన్ అంచుని ఒక అరంగుళం తెచ్చి బంతికి ఎదురు పెడుతున్నాడు. బంతి రబ్బరుని తాకే ఆ క్షణంలో రబ్బరు దానికి ఎదురు వస్తే బంతి గట్టిగా గెంతుతుంది, వెనక్కి తగ్గితే చప్పబడి అక్కడే వాలిపోతుంది. ఆ తాకిడి రెప్పపాటు కూడా ఉండదు. ముందు తోస్తే దండగ, తర్వాత తోస్తే దండగ. వంద కిలోలు దాటిన పెట్టెని అంత సూక్ష్మమైన సమయానికి అంతే దూరం జరపడం నేర్పు కాకపోతే, నేర్పు అని దేన్ని అంటారో నాకు తెలియదు.

ఇప్పుడు లోలకం సంగతి. అవకాశం దొరికితే ఎవరైనా మిషన్ ముందున్న కాయిన్ డోర్ తెరిచి ఒక్కసారి లోపలికి చూడాలి. జానెడు కూడా లేని సన్నటి కడ్డీ వేలాడుతుంటుంది. దానికి బొంగరం ఆకారంలో ఒక బరువు, కొన కిందకి. ఆ బరువు చుట్టూ, తాకకుండా, ఒక లోహపు వలయం. బరువు ఊగి వలయాన్ని తాకితే కరెంటు కలుస్తుంది, మిషన్‌కి కబురు వెళుతుంది. అంతే. బరువుని కడ్డీ మీద పైకీ కిందికీ జరిపి మర బిగిస్తే ఎంత కుదుపుకి తగలాలో మారుతుంది. అందరూ తగువులాడుకునే టిల్ట్ ఇదే, వేలెడంత వస్తువు.

నేను మొదటిసారి తలుపు తెరిచి చూస్తూ మిషన్‌ని మెల్లగా తట్టినప్పుడు రెండు విషయాలు నన్ను ఆశ్చర్యపరిచాయి. ఒకటి, అది గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగదు. గుండ్రంగా, సాగిన గుండ్రంగా తిరుగుతుంది. ముందుకి తోసినది కాసేపటికి పక్కకి కూడా ఊగుతూ కనిపిస్తుంది. రెండోది, అది ఆగదు. మనం తట్టి మర్చిపోయాక కూడా చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. బయట మిషన్ నిశ్చలంగా, దేవుడి విగ్రహంలా నిలబడి ఉంటుంది. లోపల మాత్రం మన పాపం ఇంకా తిరుగుతూ ఉంటుంది.

అందుకే టిల్ట్ అనేది బలానికి కొలత కాదు, లయకి కొలత. ఊయల ఊపినవాళ్లందరికీ ఇది తెలుసు. ఊయల వెనక్కి వచ్చిన క్షణంలో వేలితో తోసినా ఎత్తుకి వెళుతుంది, లయ తప్పి తోస్తే బలమంతా పెట్టినా చప్పబడుతుంది. మిషన్‌ని ఎడమకి ఒక తోపు తోసి వెంటనే కుడికి లాక్కుంటే లోలకం పెద్దగా పట్టించుకోదు, రెండూ రద్దవుతాయి. అదే ఒక మూడో వంతు సెకను ఆగి కుడికి తోస్తే, అప్పటికి బరువు ఎడమ కొసకి వచ్చి ఉంటుంది. రెండో తోపు మొదటిదానికి కలిసి వలయాన్ని తాకిస్తుంది. మొదటిది పెద్ద తోపు, రెండోది పిసరంత. టిల్ట్ తెచ్చింది పిసరంతదే.

పక్కన నిలబడి కళ్లతో చూసే మనిషి కుదుపుకి తీర్పు చెప్పకూడదని నేను వాదించేది ఇందుకే. కొన్నిచోట్ల నిర్వాహకులు “మరీ మోటుగా ఆడుతున్నారు” అని హెచ్చరిస్తారు. ఆ మోటుతనాన్ని దేనితో కొలిచారు? చప్పుడుతోనా? అరచేత్తో పక్కన చరిస్తే పెద్ద చప్పుడు వస్తుంది, మిషన్ వెంట్రుకవాసి కూడా కదలకపోవచ్చు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు తుంటితో ఆనుకుని చప్పుడు లేకుండా రెండంగుళాలు జరిపేస్తాడు, ఎవరూ తలెత్తి చూడరు. సన్నగా ఉన్న అమ్మాయి అదే పని చెయ్యాలంటే మడమలు ఎత్తి ఒళ్లంతా వెయ్యాలి. చూసేవాళ్లకి ఆమె మిషన్‌తో కుస్తీ పడుతున్నట్టు ఉంటుంది. కంటికి వదిలేస్తే హెచ్చరిక పడేది ఆమెకే. లోలకానికి ఆడా మగా లేదు, లావూ సన్నమూ లేదు. అది కదలికని మాత్రమే చూస్తుంది.

కాబట్టి మొదటి రూల్ తేలిక. తన బంతిని తానే టిల్ట్ చేసుకున్నవాడికి మిషన్ వేసిన శిక్ష చాలు, పైన ఇంకేమీ వెయ్యకూడదు. బంతి పోయింది, బోనస్ పోయింది. కొత్త మిషన్లలో అయితే మామూలుగా ముందు రెండు సార్లు ‘డేంజర్’ అని చూపించి, మూడోసారికి పోతుంది. మంచి ఆటగాళ్లు ఆ వార్నింగులని జేబులో చిల్లరలాగే చూస్తారు. ఒకటి ఖర్చుపెట్టి బంతిని కాపాడుకున్నాను, ఇంకొకటి మిగిలింది, ఇక జాగ్రత్తగా ఉండాలి అని లెక్కేసుకుంటారు. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత మహదేవా. అంతర్జాతీయ ఫ్లిప్పర్ పిన్‌బాల్ అసోసియేషన్, అంటే ఐఎఫ్‌పీఏ, పాపా అనే మరో పిన్‌బాల్ సంస్థతో కలిసి వాడుకలోకి తెచ్చిన పోటీ నియమాలు కూడా ఇదే మాట అంటాయి.

స్లామ్ టిల్ట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఇది వేరే స్విచ్, చాలా మిషన్లలో కాయిన్ డోర్ వెనక ఉంటుంది. గుద్దితేనో తన్నితేనో కలుస్తుంది. కలిస్తే ఒకరి బంతి కాదు, ఆడుతున్న నలుగురి గేమూ అక్కడికక్కడే ఖతం. తిలాపాపం తలా పిడికెడు. దానికి కారణమైనవాడికి ఆ గేమ్‌లో సున్నా వేసి, మిగతావాళ్లకి పోయిన బంతుల్ని మళ్లీ ఆడనివ్వడం న్యాయం. దాని మీద ఎక్కువ రాయను, పెద్ద వివాదం లేదు. స్విచ్ పలకలు మరీ దగ్గరగా వంగి, డోర్ మీద మోకాలు ఆనినా కలిసిపోయేంత దిక్కుమాలిన స్థితిలో ఉంటే మాత్రం ఆ తప్పు ఆటగాడిది కాదు.

నా కథలో జరిగింది ఈ రెండింటి మధ్యది. దాన్ని టిల్ట్ త్రూ అంటారు. ఒకరి కుదుపు తర్వాతివాడి బంతిలోకి దూసుకుపోవడం. బలమెక్కువ వాడినందుకు కాదు, బిల్లు తప్పు అడ్రసుకి వెళ్లినందుకు ఇది అన్యాయం. “మిషన్ చెప్పిందే ఫైనల్” అన్న నిర్వాహకుడి మాట నేను పైన చెప్పిన వాదనలాగే వినిపిస్తుంది కదా? నేనూ కొన్నాళ్లు అలాగే అనుకుని సరిపెట్టుకున్నాను. రెండింటికీ తేడా ఉంది. ఎంత కుదిపారు అన్నది మిషన్‌కి తెలుసు. ఎవరు కుదిపారు అన్నది మిషన్‌కి తెలియదు. ప్లంజర్ ముందు ఎవరి బంతి ఉంటే వాళ్ల పేరు మీద రాసేస్తుంది. దానికి తెలిసిన విషయంలో దాని మాట వినాలి. తెలియని విషయంలో మనిషి మాట్లాడాలి.

కాబట్టి బాధితుడికి ఆ బంతి తిరిగి రావాలి. గేమ్ అయ్యాక కొత్త గేమ్ మొదలుపెట్టి ఒక బంతి ఆడించి, ఆ స్కోరు కలపడం తెలిసిన పద్ధతే. అందులోనూ లొసుగు ఉంది. మొదటి రెండు బంతుల్లో అతను వెలిగించుకున్న లైట్లు, సగం పూర్తిచేసిన మోడ్‌లు, అంటే ఆటలో ఆట లాంటి చిన్న ఘట్టాలు, కొత్త గేమ్‌లో ఉండవు. మూడో బంతి మీద మల్టీబాల్ (ఒకేసారి ఎక్కువ బంతులతో ఆడే ఘట్టం) అంచున నిలబడ్డవాడికి ఖాళీ బల్ల చూపించి ‘ఇదిగో మీ బంతి’ అంటే అది పరిహారమే గానీ పూర్తి పరిహారం కాదు. ఇంతకంటే మంచి మార్గం నాకు తోచలేదు. పాత మిషన్లలో దాచుకునేది తక్కువ కాబట్టి నష్టం తక్కువ. కొత్తవాటిలో ఎక్కువ.

మరి కుదిపినవాడికి? ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. కొందరు ప్రతి టిల్ట్ త్రూకీ శిక్ష ఉండాలంటారు, కొందరు అసలు వద్దంటారు. నేను చూసేది ఒకటే. తోసినప్పుడు బంతి బతికుందా, చచ్చిందా? బంతి ఆటలో ఉండగా దాన్ని కాపాడుకోవడానికి తోస్తే, ఆ ఊపు మిగిలిపోయి అవతలివాడికి తగిలినా అది ఆటలో భాగంగా జరిగిన ప్రమాదం. బాధితుడికి బంతి ఇచ్చి, ఇతన్ని వదిలెయ్యాలి. లైట్లు ఆరిపోయి, ఫ్లిప్పర్లు చచ్చాక తోస్తే అందులో కాపాడేది ఏమీ లేదు. అది ఒట్టి కోపం. ఆ తోపుకి అవతలివాడి బంతి పోతే, తోసినవాడికి ఆ గేమ్‌లో సున్నా. ఈ రూల్ ఆ రోజు ఉండి ఉంటే నేను ఇంటికి వెళ్లేవాణ్ణి, అతను తర్వాతి రౌండుకి వెళ్లేవాడు. దీనికి తీర్పు చెప్పడానికి బలం కొలవక్కర్లేదు, లైట్లు వెలుగుతున్నాయా లేదా అని చూస్తే చాలు. పక్కన నిలబడ్డ ఎవరైనా చెప్పగలరు.

‘తర్వాతివాడు ఆగొచ్చు కదా’ అనేవాళ్లున్నారు. ఆగొచ్చు. ముందువాడు టిల్ట్ చేశాక లోలకం కుదుటపడేదాకా ప్లంజర్ ముట్టుకోకుండా నిలబడే హక్కు అతనికి ఉండాలి, ఆలస్యం చేస్తున్నావని ఎవరూ తొందరపెట్టకూడదు. కానీ హక్కుని బాధ్యతగా మార్చేసి, ఆగలేదు కాబట్టి నీ తప్పే అంటే, ఇల్లు తగలబెట్టినవాణ్ణి వదిలేసి తలుపు వేసుకోలేదేమని ఇంటివాణ్ణి అడిగినట్టు ఉంటుంది. కొన్ని మిషన్లయితే బంతిని వాటంతటవే ఆటలోకి విసిరేస్తాయి కూడా, ఆగే అవకాశమే ఉండదు.

ఇక డెత్ సేవ్, బ్యాంగ్ బ్యాక్. ఈ పేర్లు వింటేనే పాత ఆటగాళ్ల కళ్లు మెరుస్తాయి. బంతి అవుట్‌లేన్‌లోంచి దిగిపోయింది, ఫ్లిప్పర్ల కింద వాలు గట్టు మీద దొర్లుతూ డ్రెయిన్ వైపు, అంటే బంతి పడిపోయే కంత వైపు వెళుతోంది, మామూలు లెక్కలో ఆట అయిపోయింది. సరిగ్గా అప్పుడు మిషన్ ముందు మూలని ఒక్క ఉదుటున నెడితే, చచ్చిన బంతి ఎగిరి ఫ్లిప్పర్ మీదకి వచ్చి పడుతుంది. బ్యాంగ్ బ్యాక్ దాని అన్న. ఒక ఫ్లిప్పర్‌ని పైకెత్తి పట్టుకుని మిషన్ ముందుభాగాన్ని అరచేతి మడమతో బాదడం. కుదిరితే చూడముచ్చటగా ఉంటుంది, అబద్ధం చెప్పను. నేనూ ఒకప్పుడు నేర్చుకున్నాను, మణికట్టు వాచి వారం రోజులు కలం పట్టుకోలేకపోయాను.

ఐఎఫ్‌పీఏ, పాపా నియమాలు ఈ రెండింటినీ నిషేధించాయి. ఆటగాడికి దెబ్బ తగిలే ప్రమాదం ఒక కారణం, ఒక మిషన్ మీద కుదిరింది ఇంకోదాని మీద కుదరకపోవడం రెండో కారణం. కుదుపు పక్షాన ఇంత మాట్లాడినవాణ్ణి నేను వీటి పక్షాన నిలబడకపోవడం కొందరికి వింతగా అనిపించొచ్చు. కానీ నా లెక్క అదే, బిల్లు ఎవరికి వెళుతోంది? డెత్ సేవ్ పది సార్లు జరిగిన మిషన్ కాళ్లు సడలుతాయి, వాలు మారుతుంది. ఆ ఖర్చు సాయంత్రం అదే మిషన్ ముందు నిలబడేవాడిది. పైగా అందులో బంతి చేసేది ఏమీ లేదు. నేల జారుడుగా ఉందా, కాళ్ల కింద రబ్బరు ఉందా, గట్టు ఎంత ఎత్తుంది అన్నవే తేలుస్తాయి. ఒక ముచ్చట మాత్రం చెప్పాలి. ఎవరూ ఏమీ చెయ్యకుండానే బంతి డ్రెయిన్ గోడకి తగిలి దానంతటదే రెండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి పైకి లేచి వచ్చే ఘడియ ఒకటుంది. బైబిల్లో చచ్చి బతికిన లాజరస్ పేరు పెట్టారు దానికి. అది చెల్లుతుంది. చెల్లాలి కూడా. ఎవడి జేబూ కొట్టకుండా వచ్చిన అదృష్టం అది.

నిర్వాహకుల బాధ్యత గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. టిల్ట్ వదులుగా పెట్టాలా బిగువుగా పెట్టాలా అన్న చర్చ తెల్లవార్లూ సాగుతుంది. వదులుగా పెడితే గేములు గంటల తరబడి లాగుతాయి, బిగిస్తే ఆటగాళ్లు చేతులు కట్టుకుని ఆడినట్టు ఉంటుంది. నా మటుకు నాకు రెండూ సమ్మతమే. నలుగురూ ఒకే మిషన్ మీద ఒకరి తర్వాత ఒకరు ఆడే మ్యాచ్‌లో టిల్ట్ ఎంత బిగువైనా నలుగురికీ అంతే బిగువు. మొదట ఆడేవాడికి అది తెలియదు, నాలుగోవాడికి ముగ్గుర్ని చూశాక తెలుస్తుంది, నిజమే. అందుకే ఎన్నో స్థానంలో ఆడాలో ఎంచుకునే అవకాశానికి అంత విలువ.

చిక్కంతా క్వాలిఫయింగ్‌లో, అంటే అసలు మ్యాచ్‌లకి ఎవరు అర్హులో స్కోర్లతో తేల్చే దశలో ఉంది. పొద్దున ఒకరు ఆడి స్కోరు పెట్టి వెళతారు, సాయంత్రం ఇంకొకరు ఆడి దాన్ని దాటాలి. మధ్యలో ఎవరో సాంకేతిక నిపుణుడు, స్కోర్లు మరీ పెరిగిపోతున్నాయని, డోర్ తెరిచి బరువుని కొంచెం జరిపి మర బిగించి పోయాడనుకోండి. పొద్దునవాడు వదులు టిల్ట్ మీద సంపాదించిన స్కోరుని సాయంత్రంవాడు బిగువు టిల్ట్ మీద దాటాలి. ఇద్దరూ ఆడింది ఒకే పేరున్న రెండు మిషన్లు. ఇది స్లామ్ టిల్ట్ కంటే పెద్ద అన్యాయం, కాకపోతే ఎవరికీ కనపడదు. క్వాలిఫయింగ్ మొదలయ్యాక టిల్ట్ ముట్టుకోకూడదు. దానంతటదే సడలి బరువు జారిపోతే, మొదట ఎక్కడుందో అక్కడికే తిరిగి తేవాలి. అందుకోసం కడ్డీ మీద ముందే మార్కర్‌తో ఒక గీత గీసి పెట్టుకోవాలి. ఒక గీత, అంతకంటే ఏమీ అడగడం లేదు. మిషన్ కాళ్ల చుట్టూ నేల మీద టేపు అతికించి, ఎవరైనా జరిపితే తిరిగి అక్కడికే చేర్చడం కూడా ఇలాంటిదే.

కుదుపుని వదిలేస్తే బలవంతులదే రాజ్యం అవుతుంది కదా అని ఒక స్నేహితురాలు గట్టిగా వాదించింది. ఆమె మాటలో నిజం లేకపోలేదు. బరువైన మనిషికి మిషన్‌ని జరపడం సులువు. నా సమాధానం ఏమిటంటే, లోలకం ఉన్నంతకాలం ఆ సులువుకి పైకప్పు ఉంది. మిషన్‌ని నాలుగంగుళాలు జరపగలిగినవాడికి కూడా వలయం దాటకుండా జరిపే హక్కు అంతే. టిల్ట్ మరీ వదులుగా ఉంటే ఆమె చెప్పేదే నిజమవుతుంది, అప్పుడు బలమున్నవాడికి మాత్రమే ఆ జాగా ఉపయోగపడుతుంది. కాబట్టి కాళ్ల కింద రబ్బరు పెట్టి జారుడు తగ్గించి, సన్నటి మనిషి కూడా అందుకోగలిగే హద్దు దగ్గర టిల్ట్ పెట్టడం మంచిదని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అసలు కుదుపే లేకుండా చేద్దామంటే మాత్రం ఒప్పుకోను. అవుట్‌లేన్ పోస్టు మీద బంతి గెంతుతున్నప్పుడు చేతులు కట్టుకుని నిలబడాలంటే, టికెట్టు కొనుక్కుని చూసేవాడికీ ఆడేవాడికీ తేడా ఏముంది?

ఈ మధ్య ఒక పోటీలో నా పక్క స్థానంలో మళ్లీ అతనే తగిలాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు, నేను అడగలేదు. ఈసారి అతను నాకంటే ముందు ఆడుతున్నాడు. రెండో బంతి మీద ఎడమ అవుట్‌లేన్ దగ్గర ఒకటి తట్టాడు, వెంటనే ఇంకొకటి తట్టాడు, లైట్లు ఆరాయి. రెండు చేతులూ మిషన్ మీద నుంచి పైకెత్తేసి వెనక్కి అడుగేశాడు. నేను వెళ్లి ప్లంజర్ మీద చెయ్యి వెయ్యబోయాను.

“కాస్త ఆగండి,” అన్నాడు కాయిన్ డోర్ వైపు చూస్తూ. “ఇంకా ఊగుతూ ఉంటుంది.”

ఇద్దరం అలాగే నిలబడ్డాం.